గరుడమా, గద్దా: అమ్మ కోసం రాసిన సబ్‌టైటిళ్లు

అమ్మ మా దగ్గరికి ఫిబ్రవరిలో వచ్చింది. మేముండే ఓస్నాబ్రూక్ జర్మనీకి వాయవ్య మూలన ఉన్న ఊరు. ఆమెకిచ్చిన వీసా తొంభై రోజులు. మొదటి వారమంతా మంచు చూసి చిన్నపిల్లలా ముచ్చటపడింది. రెండో వారం కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, "ఈ ఊళ్లో మనుషులు ఎక్కడుంటారే?" అని అడిగింది. సాయంత్రం ఆరు కాకముందే చీకటి. ఫోనులో చూసే తెలుగు సీరియళ్లు కూడా ఆమెకు మొహం మొత్తాయి.

అలాంటి ఒక సాయంత్రం నేను టీవీలో 'బార్బేరియన్స్' మొదటి భాగం పెట్టుకున్నాను. రోమన్లను ఎదిరించిన జర్మానిక్ తెగల కథ. 2020 అక్టోబరులో మొదటి సీజన్ ఆరు భాగాలుగా వచ్చిన జర్మన్ సిరీస్. అప్పటికే ఒకసారి చూశాను కాబట్టి బట్టలు మడతపెడుతూ చూద్దామనుకున్నాను. అమ్మ కొత్తిమీర గిల్లుతూ వచ్చి పక్కన కూర్చుంది. అడవి అంచున పల్లె, అక్కడికి ఇనుప టోపీలు పెట్టుకుని దిగిన సైనికులు, ఎదురుగా బిగుసుకుపోయి నిలబడిన జనం. "ఎవరే వీళ్లు, శిస్తు వసూలుకు వచ్చారా?" అంది. ఒక్క ముక్క అర్థం కాకుండానే సంగతి పట్టేసింది.

ఇక అక్కడి నుంచి నా పని వ్యాఖ్యానం చెప్పడం. నేనొక మాట తెలుగులో చెప్పేలోపు తెర మీద మూడు మాటలు దాటిపోయేవి. వెనక్కి తిప్పితే "మళ్లీ మొదటికి ఎందుకు పోయావు?" అనేది. పావుగంట తరువాత ఆమే విసిగిపోయి, "ఇలా కాదు గానీ, రాసి పెట్టరాదూ? నేను చదువుకుంటాను కదా" అంది. నలభై అయిదు నిమిషాల భాగానికి మాటలు రాయడం ఎంత పని, ఒక శని ఆదివారాల్లో అయిపోతుందనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

కథ తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. క్రీ.శ. 9లో రోమ్ చక్రవర్తి అగస్టస్ తరఫున జర్మానియాను పాలించడానికి వచ్చిన వారుస్, మూడు లీజియన్లతో (రోమన్ సైన్యంలోని పెద్ద దళాలతో) అడవి దారిన పోతూ మాటుగాసిన తెగల చేతిలో చిక్కాడు. 17, 18, 19వ లీజియన్లు తుడిచిపెట్టుకుపోయాయి. వారుస్ తన కత్తి మీద తానే పడి చనిపోయాడు. మాటు వేసినవాడు ఆర్మీనియస్: పుట్టుకకు కెరూస్కీ తెగవాడు, పదవికి రోమ్ సైన్యాధికారి. ఆ పోరు జరిగిందని ఎక్కువమంది నమ్మే కాల్క్రీజ మా ఇంటికి ఇరవై కిలోమీటర్లు. సిరీస్ మొదటి భాగంలో యుద్ధం ఇంకా చాలా దూరం. రోమన్లు సొమ్ము అడగడం, తుస్నెల్డా అనే పిల్లకు తండ్రి ఇష్టంలేని పెళ్లి కుదర్చడం, ఆమె, ఆమె మనసిచ్చిన యువకుడు కలిసి రోమన్ల డేగ ధ్వజాన్ని ఎత్తుకురావడం, రోమన్ దుస్తుల్లో ఆర్మీనియస్ కనిపించడం. ధ్వజం దొంగతనం కల్పన. చరిత్రలో ఆ డేగలు పోయింది యుద్ధంలోనే.

ముందు నేను చేసింది టీవీ ఆపుతూ, నడుపుతూ రూళ్ల నోటుబుక్కులో రాసుకోవడం. ఎడమ పక్క సమయం, మధ్యలో జర్మన్, కుడి పక్క ఖాళీ. ఈ సిరీస్‌లో తెగలవాళ్లు ఇప్పటి జర్మన్ మాట్లాడతారు, రోమన్లు లాటిన్ మాట్లాడతారు. వారుస్ వేషం వేసిన గేటానో అరోనికా ఇటలీ నటుడు. లాటిన్ మాటలకు కింద జర్మన్ పాఠం పడుతుంది. అంటే సగం కథను నేను చెవితో విని రాశాను, సగం కంటితో చదివి రాశాను. ఈ తేడా తరువాత నా ప్రాణం తీసింది. విని రాసినవి మాటల్లా వచ్చాయి, చదివి రాసినవి సర్కారు నోటీసుల్లా వచ్చాయి. వారుస్ నోట "ఆదేశించడమైనది" అని రాసి, మర్నాడు చదువుకుని నవ్వుకున్నాను.

ఆ తరువాత పదాల పేచీ మొదలయింది. సిరీస్ పేరుకు మాత్రం నిమిషం కూడా పట్టలేదు. పరాయి భాష చెవికి బరబరమని వినిపిస్తుందని గ్రీకులు ఏ మాట పుట్టించారో, అలాంటిదే సంస్కృతంలోనూ ఉంది, మన నిఘంటువుల్లోకీ వచ్చింది: బర్బరులు. హాయిగా రాసేశాను. రోమన్లు అడిగే సొమ్ము దగ్గర చిక్కుపడ్డాను. కప్పం అని రాస్తే అమ్మ ఒప్పుకోలేదు. "రాజు రాజుకు కట్టేది కప్పం. వీళ్లు రాజుల్లా ఉన్నారా?" అంది. రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో రాసిన చరిత్రలో, వారుస్ ఆ జనానికి బానిసలకు చెప్పినట్టు ఆజ్ఞలు ఇచ్చేవాడని, లోబడ్డ జాతుల దగ్గర గుంజినట్టు డబ్బు గుంజేవాడని ఉంది. ఆమె మొదటి రోజు నోరు జారిన మాటే ఖాయం చేశాను: శిస్తు. తెలుగు చెవికి ఆ మాటలో ఉన్న చురుకు ఇంక దేనికీ లేదు.

తెగ నాయకుణ్ణి దొర అందామనుకున్నాను. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గంటం దొర, మల్లు దొర గుర్తొచ్చారు. 1922లో మొదలైన ఆ పితూరీ గురించి మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ అదే కథలో తెల్లవాడు కూడా దొరే. తెర మీద రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడి ఉంటే, కింద "దొర వస్తున్నాడు" అని పడితే అమ్మ ఏ వైపు చూడాలి? "తెగ పెద్ద" అని సరిపెట్టుకున్నాను. రుచి తగ్గింది, గందరగోళం తప్పింది. సెంచూరియన్‌కు శతాధిపతి ఎంత చక్కగా అమరిందో చెప్పలేను. లాటిన్ పేరులోనూ నూరే, మన పేరులోనూ నూరే. అతని కింద ఉండేది మామూలుగా ఎనభై మందే. పేరు గొప్ప అన్ని సైన్యాల్లోనూ ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్నది డేగ. లీజియన్‌కు ప్రాణం లాంటిది ఆ ధ్వజం, కర్ర చివర రెక్కలు విప్పిన లోహపు పక్షి. అది శత్రువు చేతికి చిక్కితే అంతకు మించిన తలవంపు లేదు. ఆ యుద్ధంలో పోయిన మూడు డేగల్లో చివరిది క్రీ.శ. 41లో గానీ రోమన్లకు తిరిగి దక్కలేదు. ముందు గరుడ ధ్వజం అని రాశాను. అమ్మ చదివి, తెలియకుండానే చెయ్యి ఎత్తబోయింది. గరుడుడంటే ఆమెకు బ్రహ్మోత్సవాలు, ధ్వజారోహణం. ఊరి మీద పడి దోచుకునేవాళ్ల జెండాకు ఆమె దండం పెట్టడం నాకు నచ్చలేదు. గద్ద అని మార్చాను. ఈసారి నవ్వింది. "కోడిపిల్లలు ఎత్తుకుపోయే గద్ద కోసం ఇంతమంది చావడానికి సిద్ధపడతారా?" అంది. ఆమె మాటా నిజమే.

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తోచింది. ఎవరికి గరుడం, ఎవరికి గద్ద? రోమన్లు మాట్లాడే ప్రతిచోటా గరుడం అని, పల్లెవాళ్లు మాట్లాడే ప్రతిచోటా గద్ద అని పెట్టాను. ఒకే పక్షి, రెండు పేర్లు. అంత తేలిగ్గా తెగిపోయిందనుకుని లేచి టీ పెట్టుకుంటుంటే గుర్తొచ్చింది, మరి ఆర్మీనియస్ దాన్ని ఏమంటాడు?

పెద్ద చిక్కు అక్కడే ఉంది. అది ఒక్క పక్షితో తీరేది కాదు. మన భాషలో ఇద్దరు మనుషులు నోరు విప్పితే చాలు, వాళ్ల మధ్య ఏముందో బయటపడిపోతుంది. నువ్వా, మీరా? వచ్చాడా, వచ్చారా? మా కింది అంతస్తులో ఉండే పెద్దాయన బడిలో తొమ్మిదేళ్లు లాటిన్ చదివారు. ఆయన్ని అడిగితే, లాటిన్‌లో ఒక మనిషిని పిలవడానికి ఉన్నది ఒక్క 'తూ' మాత్రమే అన్నారు. బానిసకూ అదే, స్నేహితుడికీ అదే. రోమన్ అధికారి ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరాల్లో కూడా అదేనట. నేను విన్నదాన్ని బట్టి వారుస్ ఆర్మీనియస్‌ను ఏ చూపుతో చూస్తున్నాడో, ఆర్మీనియస్ మనసులో ఏముందో లాటిన్ చెప్పదు. సిరీస్ తీసినవాళ్లకు అదే కావాలి, అతను ఎటువైపో మొదట్లో దాచాలి. తెలుగు దాచనివ్వదు. మొదటి వాక్యంలోనే క్రియ చివర ఒక "రు"నో "వు"నో పెట్టక తప్పదు.

సిరీస్‌లో ఆర్మీనియస్‌ను చిన్నప్పుడే రోముకు పంపేస్తారు, వారుస్ పెంచి పెద్దచేస్తాడు. ఈ పెంపకం చరిత్రలో లేదు. ఆర్మీనియస్ రోమ్ సైన్యంలో పనిచేశాడని, పౌరసత్వం, ఉన్నత వర్గపు హోదా పొందాడని మాత్రం అదే కాలపు రోమన్ రచయిత వెల్లీయస్ రాశాడు. కల్పనే అయినా నేను రాయాల్సింది ఆ కల్పనకే. కొడుకు తండ్రితో మాట్లాడుతుంటే తెలుగులో ఎక్కడో ఒకచోట పిలుపు పడాలి. "తండ్రీ" అంటే చర్చి ప్రార్థన అవుతుంది. "నాన్నా, నువ్వు" అంటే మా ఇల్లు అవుతుంది, మేమందరం మా నాన్నను అలాగే పిలిచాం. "నాన్నగారూ, మీరు" అంటే గౌరవమూ ఉంది, దూరమూ ఉంది. రెండూ రాసి, రెండూ కొట్టేసి, మళ్లీ రాశాను. చివరికి గరుడం, నాన్నగారూ, మీరు అని స్థిరపరిచాను. అతను రోమన్లతో ఉన్నంతసేపు రోమన్ మాటే మాట్లాడనీ అనుకున్నాను. నమ్మి చేసిన నిర్ణయం కాదు, అలసిపోయి చేసిన నిర్ణయం.

తుస్నెల్డా సంగతి దీనికి తిరగేసి. ఆమెను మొదట తండ్రితో "నువ్వు" అనిపించాను. పెళ్లి మాట వచ్చి ఇద్దరికీ చెడిన దగ్గర నుంచి "మీరు" అనిపించాను. కోపం వచ్చిన ఆడపిల్ల తండ్రిని "మీరు" అంటే ఎంత గుచ్చుకుంటుందో తెలుగిళ్లలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

రాసినదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడం విడిగా ఒక శిక్ష. సబ్‌టైటిల్ ఫైలు చూడటానికి అతి మామూలుది. ఒక అంకె, దాని కింద మాట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో సమయం, దాని కింద మాట, ఆ తరువాత ఒక ఖాళీ వరస. సమయంలో సెకన్ల తరువాత చుక్క పెట్టకూడదు, కామా పెట్టాలి. నేను మొదటి రెండు వందల వరసల్లో చుక్క పెట్టాను. ఏదీ కనిపించలేదు. కామాలు సరిచేశాక కనిపించింది గానీ తెలుగు కాదు, ప్రశ్నార్థకాల బారు. ఫైలును యూనికోడ్‌లో దాచుకోలేదు. అదీ సరిచేశాక అక్షరాలు వచ్చాయి, వత్తులు సరిగా కుదరలేదు. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది కదా అని అక్షరం పెద్దది చేస్తే, పై వరసలోని వత్తులు కింది వరస గుడుల మీద పడి కలిసిపోయాయి. రెండు వరసల మధ్య ఎడం పెంచి, "ష్ట్ర" ఉన్న మాటలు వీలైనంత తగ్గించి బయటపడ్డాను.

ఒక పరీక్ష పెట్టాను. మొదటి పది నిమిషాలు వేసి అమ్మను చూడమన్నాను. ఆమె పెదవులు కదుపుతూ చదువుతుంది. సగం వాక్యం దగ్గర ఉండగానే తరువాతది వచ్చేసింది. ఆపమంది. "చదివితే బొమ్మ పోతోంది, బొమ్మ చూస్తే మాట పోతోంది. ఎవరు ఏడ్చారో కూడా చూడలేదు" అంది. ఆ రాత్రి కోత మొదలుపెట్టాను. "వాళ్లు మన దగ్గరికి వస్తున్నారు, జాగ్రత్తగా ఉండండి" అని ఉన్నది "వస్తున్నారు, జాగ్రత్త" అయింది. కర్తను తీసేసినా మన క్రియ అన్నీ చెబుతుంది, ఆ పుణ్యం తెలుగుది. ముఖం చెప్పేస్తున్న చోట మాట తీసేశాను. అరుపులకు, తిట్లకు అసలు రాయలేదు, అవి ఏ భాషలో అయినా తెలుస్తాయి.

ఒక సంగతి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. ఇంగ్లీషు నుంచి రాసి ఉంటే, ఒకరి మాటను ఇంకొకరు మధ్యలో తుంచే చోట చచ్చేదాన్ని. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, మనకు చివర్లో వస్తుంది. తుంచేసరికి అసలు మాట ఇంకా లోపలే ఉంటుంది. జర్మన్‌లో ఉపవాక్యాల్లో క్రియ మనలాగే చివర ఉంటుంది. అందుకే అక్కడ తెగిన మాట తెలుగులోనూ సరిగ్గా అదే చోట తెగింది. ఇన్నేళ్లు నన్ను ఏడిపించిన జర్మన్ వాక్యం మొదటిసారి నాకు చుట్టంలా కనిపించింది.

చివరికి ఒక శనివారం ప్రదర్శన. టీవీలోకి నా ఫైలు ఎక్కలేదు. టీవీ కింద ఎత్తుపీట వేసి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, నల్లటి తెర మీద తెలుగు మాటలు మాత్రం నడిచేలా చేశాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి రెండింటినీ ఒకేసారి నొక్కాలి. మొదటిసారి అర సెకను తేడా వచ్చి మాట ముందు, నోరు వెనక అయ్యాయి. రెండోసారి కుదిరింది. మధ్యలో అమ్మ మంచినీళ్లకు లేచింది. రెండూ ఆపాను, ఒకటి ముందు ఆగింది. మళ్లీ లెక్క. మా ఆయన నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయాడు.

పల్లెవాళ్లు గద్దను ఎత్తుకొచ్చిన చోట అమ్మ తొడ చరిచింది. తుస్నెల్డా తండ్రిని "మీరు" అన్న చోట నా వైపు ఒక చూపు చూసింది. ఆ తరువాత ఆర్మీనియస్ వచ్చాడు. వారుస్‌తో అతను మాట్లాడుతున్నాడు, కింద నా మాటలు నడుస్తున్నాయి. అమ్మ చెయ్యెత్తి ఆపమంది.

"ఇతను ఆయన సొంత కొడుకు కాదు" అంది.

నేను ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఎలా తెలిసిందని అడిగాను.

"నాన్నగారూ మీరు అంటున్నాడు కదే. అంతమందిలో అంత చనువుగా నిలబడ్డవాడు కన్నకొడుకైతే నువ్వు అనేవాడు."

మా వైపు ఎన్నో ఇళ్లలో సొంత తండ్రినే "మీరు" అంటారు, ఆమె తీర్పు అందరికీ పనికొచ్చేది కాదు. అయినా నాకు నోట మాట రాలేదు. అమ్మ ఏడేళ్లప్పుడు పిల్లలు లేని పెదనాన్న ఇంటికి వెళ్లి అక్కడే పెరిగింది, అక్కడి నుంచే పెళ్లయి వచ్చింది. కన్నతండ్రిని నువ్వు అనేది. పెంచిన పెదనాన్నను ఆయన పోయేదాకా మీరు అనే పిలిచింది. నాకు తెలిసిన సంగతే. మూడు వారాలు ఆ "మీరు" దగ్గర తలపట్టుకుని కూర్చున్నా నాకు గుర్తు రాలేదు, ఇంట్లోనే ఉన్న ఆమెను అడగాలనీ తోచలేదు.

"ప్రేమ లేక కాదే" అంది, నేనేమీ అడగకుండానే. "అన్నం పెట్టాడు, చదివించాడు. నువ్వు అనడానికి నోరు రాలేదు, అంతే. ఊఁ, పెట్టు."

మళ్లీ ఒకటి, రెండు, మూడు.

ఆ రాత్రి మిగిలిన కథ అడిగింది. చరిత్రలో జరిగింది చెప్పాను. వేరొకరికి ఇస్తానన్న తుస్నెల్డాను ఆర్మీనియస్ ఎత్తుకుపోయి పెళ్లాడాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన సంగతి చెబితే, "రుక్మిణీ కల్యాణమే" అని సంబరపడింది. క్రీ.శ. 15లో ఆమె కడుపుతో ఉండగా తండ్రి సెగెస్టెస్ ఆమెను రోమన్లకు అప్పగించాడని, 17లో రోమ్ వీధుల్లో విజయోత్సవపు ఊరేగింపులో పసివాడితో సహా ఆమెను నడిపిస్తుంటే ఆ తండ్రి గౌరవ స్థానంలో ఉండి చూశాడని చెప్పాక ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆమె చేత మీరు అనిపించావు చూడు, బాగా చేశావు" అంది.

ఏప్రిల్‌లో కాల్క్రీజ తీసుకెళ్లాను. అదే చోటని పండితులందరూ ఇప్పటికీ ఒప్పుకోరు. 1987లో ఓస్నాబ్రూక్‌లో పనిచేస్తున్న టోనీ క్లన్ అనే బ్రిటిష్ సైనికాధికారి లోహశోధక యంత్రంతో అక్కడ రోమన్ వెండి నాణేలు, ఆ తరువాత వడిసెలకు వాడే సీసపు గుండ్లు కనిపెట్టినప్పటి నుంచీ తవ్వకాలు సాగాయి. వడిసెల అనగానే అమ్మకు జొన్నచేను, మంచె గుర్తొచ్చాయి. సీసంతో గుండ్లు పోసేవాళ్లంటే నమ్మలేదు, చూపించాక నమ్మింది. అక్కడ దొరికిన వాటిలో పేరున్నది ఆశ్విక సైనికుడి ఇనుప ముఖతొడుగు. మనిషి ముఖంలాగే ఉంటుంది, కళ్ల దగ్గర రెండు బెజ్జాలు. అమ్మ దాన్ని చూసీ చూడనట్టు దాటి, ఒక కంచర గాడిద మెడ గంట గురించి నేను చెప్పగానే ఆగిపోయింది. చప్పుడు కాకుండా ఆ గంటలో గడ్డి కుక్కారు. "ఎవరో ఒకడు, వానలో, చేత్తో" అంది. అక్కడే చాలాసేపు నిలబడింది.

మే మొదట్లో వెళ్లిపోయింది. వారానికొకసారి ఫోనులో అడుగుతుంది, మీరు అనే అబ్బాయి ఏమయ్యాడని. ఆర్మీనియస్ పేరు ఆమెకు నోరు తిరగదు. మిగిలిన అయిదు భాగాలూ రాసి పంపమంటోంది. రెండో భాగం సగంలో ఉంది. అతను "మీరు" నుంచి "నువ్వు"కు, గరుడం నుంచి గద్దకు ఏ వాక్యంలో మారాలో ఇంకా తేల్చుకోలేదు. రెండూ ఒకే వాక్యంలో మారకూడదని మాత్రం అనిపిస్తోంది. నోటుబుక్కులో మూడు చోట్ల పెన్సిలుతో గీత పెట్టుకున్నాను. ఈ ఆదివారం ఆ మూడూ అమ్మకు ఫోనులో చదివి వినిపించాలి.